పేరు పాతదే, పుస్తకం కొత్తది

డంజియన్స్ అండ్ డ్రాగన్స్ ఆటకు 2024లో యాభై ఏళ్ళు నిండాయి. ఆ సెప్టెంబరుకూ మరుసటి ఫిబ్రవరికీ మధ్య దాని మూల పుస్తకాలు మూడూ కొత్త రూపంలో వచ్చాయి. అట్ట మీద పేరు మాత్రం అదే. అమెరికాలో సియాటిల్ పక్కనున్న బెల్‌వ్యూలో మేం కొందరం వారాంతాల్లో ఈ ఆట ఆడుతుంటాం. మా అందరి దగ్గరా 2014 నాటి పుస్తకాలున్నాయి. అవి చిరిగిపోలేదు, వాటితో ఆడాల్సిన కథలూ అయిపోలేదు. అయినా కొత్తవి కొనాలా వద్దా అన్న చర్చలోనే ఒక శనివారం సాయంత్రమంతా గడిచిపోయింది. అట్ట మీది పేరుకు అంత బలం ఎక్కడిదో ఆలోచించాల్సిన విషయమే.

స్ట్రేంజర్ థింగ్స్ సీరియల్లో పిల్లలు ఆడే ఆట ఇదే. నలుగురైదుగురు బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకరు కథ నడిపిస్తారు, వాళ్ళను డంజియన్ మాస్టర్ అంటారు. మిగతావాళ్ళు తలా ఒక పాత్ర తీసుకుంటారు: ఒకరు మాంత్రికుడు, ఒకరు యోధురాలు, ఒకరు దొంగ. తలుపు బద్దలైందా, రాక్షసుడు మాట విన్నాడా అన్నది ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. ఒక్కో కథ నెలల తరబడి సాగుతుంది. ఒకసారి పుస్తకాలు కొంటే పదేళ్ళయినా ఆడుకోవచ్చు. ఆడేవాళ్ళకు అది వరం, అమ్మే కంపెనీకి చిక్కు. అందుకే కొన్నేళ్ళకోసారి నియమాలు సవరించి, బొమ్మలు కొత్తగా వేయించి, కొత్త ఎడిషన్ తెస్తారు.

సినిమా పేరు పక్కన 2 అని వేస్తే, మొదటిది నచ్చినవాడు టికెట్టు కొంటాడు. బాగాలేకపోతే అతనొక్కడికే నష్టం. ఈ ఆటలో అలా కుదరదు. ఆడాలంటే ఇంకో నలుగురు కావాలి, ఆ నలుగురికీ ఒకే నియమాలు తెలియాలి. నేను హైదరాబాదు నుంచి ఇక్కడికి వచ్చిన కొత్తలో ఆటల దుకాణానికి వెళ్ళి ‘డీ అండ్ డీ ఆడేవాళ్ళెవరైనా ఉన్నారా’ అని అడిగాను. ఈ ఊళ్ళో నాకు మొదటి స్నేహితులు దొరికింది అలాగే. అంతకంటే మెరుగైన నియమాలున్న ఆటలు అదే అరలో ఉన్నాయి. కానీ వాటి పేరు చెబితే బల్ల నిండదు. కొత్త ఎడిషన్‌కు డబ్బు పెట్టేవాళ్ళలో చాలామంది నియమాల కోసం కాదు, తోడు దొరుకుతుందన్న భరోసా కోసం పెడతారు.

ఈ పేరు విలువ కంపెనీలకు మొదటినుంచీ తెలుసు. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ 1974లో ఈ ఆటను తెచ్చారు. 1977 నుంచి గైగాక్స్ కంపెనీ టీఎస్ఆర్, ఆట పేరుకు ముందు ‘అడ్వాన్స్‌డ్’ అని చేర్చి వేరే వరుస పుస్తకాలు మొదలుపెట్టింది. ఆ పుస్తకాల రాయల్టీ కోసం ఆర్నెసన్ 1979లో కోర్టుకెక్కారు, 1981లో రాజీ కుదిరింది. 1997లో టీఎస్ఆర్‌ను విజార్డ్స్ ఆఫ్ ద కోస్ట్ కొనుక్కుంది, 1999లో విజార్డ్స్‌ను బొమ్మల కంపెనీ హాస్‌బ్రో కొంది. 2000లో వచ్చిన మూడో ఎడిషన్ ‘అడ్వాన్స్‌డ్’ మాటను తీసేసింది. దాంతోపాటు ఓపెన్ గేమ్ లైసెన్స్ ఇచ్చింది. అంటే నియమాలు ఎవరైనా వాడుకోవచ్చు, పేరు మాత్రం కంపెనీ సొత్తు.

పేరు, ఆట వేర్వేరు చేతుల్లోకి వెళ్తే ఏమవుతుందో 2008లో తేలింది. ఆ ఏడు వచ్చిన నాలుగో ఎడిషన్ నియమాలను సమూలంగా మార్చింది. మాంత్రికుడైనా యోధుడైనా పాత్రలన్నీ ఒకే చట్రంలోకి వచ్చాయని పాత ఆటగాళ్ళు చాలామంది బాధపడ్డారు. అప్పుడు పైజో అనే కంపెనీ ఓపెన్ లైసెన్స్ ఆధారంగా పాత నియమాలనే మెరుగుపరిచి, 2009లో పాత్‌ఫైండర్ పేరుతో విడుదల చేసింది. అది ఊరూపేరూ లేని కంపెనీ కాదు. 2002 నుంచి 2007 దాకా ఈ ఆట పత్రికలు డ్రాగన్, డంజియన్‌లను నడిపింది అదే. పాత్‌ఫైండర్ పేరుతో 2007 నుంచే నెలనెలా సాహసకథలు వేస్తూ వచ్చింది. కొన్నవాళ్ళకు ఆ చేతుల మీద అప్పటికే గురి ఉంది. 2011లో అమెరికా ఆటల వ్యాపారాన్ని గమనించే ఐసీవీ2 జాబితాలో పాత్‌ఫైండర్ మొదటి స్థానానికి చేరింది. పాత పేరు లేకుండానే పాత ఆట గెలిచింది.

విజార్డ్స్ ఆ పాఠం నేర్చుకుంది. 2012 నుంచి ముసాయిదా నియమాలను ఆటగాళ్ళ చేతికిచ్చి, వాళ్ళ అభిప్రాయం విని, 2014లో ఐదో ఎడిషన్ తెచ్చింది. అట్ట మీద అంకె వేయలేదు, డంజియన్స్ అండ్ డ్రాగన్స్ అన్న పేరొక్కటే. 2024లోనూ ఆరో ఎడిషన్ అనలేదు, పాత సాహసకథలు కొత్త నియమాలతో ఆడుకోవచ్చని చెప్పింది. అంకె వేస్తే చేతిలో ఉన్న పుస్తకం పాతబడినట్టు అనిపిస్తుంది, అంకె లేకపోతే ఆట మారినట్టుండదు. అయితే ఈ మధ్యలో, 2023 జనవరిలో, ఓపెన్ లైసెన్స్‌ను బిగించబోయిన ముసాయిదా బయటపడింది. ఆటగాళ్ళు తిరగబడ్డారు. ఆ నెలాఖరుకే కంపెనీ వెనక్కి తగ్గి, ఐదో ఎడిషన్ మూల నియమాలను క్రియేటివ్ కామన్స్ కింద అందరికీ వదిలేసింది.

కాల్ ఆఫ్ కుతులు అనే ఆటది వేరే దారి. 1981లో వచ్చిన ఆ ఆట ఇప్పుడు ఏడో ఎడిషన్‌లో ఉంది. తొలినాళ్ళ కథలను కూడా చిన్న చిన్న మార్పులతో ఈనాటి నియమాల్లో ఆడుకోవచ్చు. ఆ పేరు చూసి కొన్నవాళ్ళ పాత పుస్తకాలు వృథా పోలేదు. పేరుకు మర్యాద దక్కేది అలా.

మా బృందం ఆ శనివారం ఒక నిర్ణయానికి వచ్చింది. కొత్త ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ అందరికీ కలిపి ఒకటే కొన్నాం. నడుస్తున్న కథను పాత నియమాలతోనే పూర్తిచేశాం. ఇక్కడైనా, హైదరాబాదు, విశాఖల్లోనైనా ఈ ఆట మొదలుపెట్టే పిల్లలకు, వాళ్ళ తల్లిదండ్రులకు నేను చెప్పేది ఇదే: పేరు చూసి ముందే మూడు పుస్తకాలూ కొనకండి. డంజియన్స్ అండ్ డ్రాగన్స్ ప్రాథమిక నియమాలు, పాత్‌ఫైండర్ నియమాలు రెండూ ఇంటర్నెట్‌లో ఉచితంగా, చట్టబద్ధంగా దొరుకుతాయి. వాటితో నాలుగు వారాలు ఆడండి. మీతో ఆడేవాళ్ళు ఏ పుస్తకం కావాలంటారో అడగండి. ఆ తర్వాత కూడా కావాలనిపిస్తే, అప్పుడు సంతోషంగా కొనుక్కోండి.