కాయలు పగులు విధము – గింజ దక్కించుకొను ఉపాయము

చేనిలోఁ బండిన గింజ కళ్లము చేరకమున్నే నేలపాలగుట రైతులెల్లరు నెఱిఁగినదే. మొక్క తన విత్తనములను తానే వెదచల్లుకొనుటకై కాయ యిట్లు పగులును.

పెసరకాయకు ఇరువైపుల కుట్లవంటి రెండు గీఁతలు గలవు. తొక్కలోని నారపొరలు ఏటవాలుగా నుండును. ఎండకుఁ దేమ పోయినపుడు ఒక్కొక్క పొర యొక్కొక్క వైపునకు ముడుచుకొనును. ఆ యీడ్పునకుఁ దాళలేక కుట్లు తెగి, రెండు చెక్కలును మెలికపడి గింజలను జిమ్మును. నువ్వుకాయ యట్లు చిమ్మదు. కొననుండి క్రిందికి నిలువునఁ జీలి నోరు తెఱచును. గాలికి మొక్క యూఁగినంతనే గింజ రాలును.

కావున రైతులు గమనింపవలసినవి:

1. నువ్వుమొక్కకుఁ గ్రిందికాయలు ముందుగాఁ బండును. అన్నియు నెండువఱకు ఆఁగరాదు. ఆకులు పండి రాలుచు, క్రిందికాయలు పసుపువన్నెకుఁ దిరిగినపుడే కోయవలెను.

2. కోఁత తెల్లవాఱుజామున, మంచుపదను ఆఱకమున్నే జరుపవలెను.

3. కోసిన మొక్కలను చిన్నకట్టలుగాఁ గట్టి, కొనలు పైకుండునట్లు కళ్లములో నిలువఁబెట్టవలెను. ఎండిన పిదపఁ బట్టాపైఁ దలక్రిందులుగాఁ బట్టి దులుపవలెను.

4. పెసరకాయలను నల్లబడిన కొలఁది రెండు మూడు తడవలుగా ఉదయమున ఏఱవలెను.

1943లో వెనెజులా దేశమునఁ బగులని కాయగల నువ్వుమొక్క కనఁబడెను. కాని దాని గింజను వెలికిఁ దీయుట కష్టమయ్యెను. పగులు కాయ దులుపుటకు సులభము. అదను తప్పినచో నష్టకరము. దున్నకము, విత్తు, కూలి వీనికైన వ్యయమంతయుఁ గోఁతనాఁటి జాగ్రత్తపై నాధారపడియున్నది.