కొట్టేసిన పేర్లు, మిగిలిన కథలు

2007 మే నెలాఖరు. లైవ్‌జర్నల్ అనే అమెరికా వెబ్‌సైటులో అయిదు వందల దాకా ఖాతాలు ఒక్కసారిగా మూతపడ్డాయి. ఆ సైటులో మూసేసిన ఖాతా పేరు ఎక్కడున్నా దాని మీద అడ్డగీత పడుతుంది. అభిమానులు ఆ సంఘటనను ఇప్పటికీ 'స్ట్రైక్‌త్రూ' అనే పిలుచుకోవడం అందుకే. పిల్లలపై లైంగిక నేరాలకు తావిస్తున్నారంటూ బయటి బృందం ఒకటి ఫిర్యాదు చేసింది. ఖాతాదారులు తమ ఆసక్తుల కింద రాసుకున్న మాటలను పట్టుకుని కంపెనీ వేటు వేసింది. సందర్భం చూసే ఓపిక ఎవరికీ ఉన్నట్టు లేదు. హ్యారీ పాటర్ పాత్రలతో కథలు అల్లుకునేవాళ్లతో పాటు, అత్యాచార బాధితులు ఒకరికొకరు ధైర్యం చెప్పుకునే బృందాలు కూడా ఆ దెబ్బకు పోయాయి. నబకోవ్ 'లోలిటా' నవల గురించి స్పానిష్‌లో మాట్లాడుకునే పాఠకులూ పోయారు.

గోల పెరిగాక కంపెనీ క్షమాపణ చెప్పి చాలా ఖాతాలను తిరిగి తెరిచింది. కానీ ఏళ్ల తరబడి అక్కడ రాసుకున్నవాళ్లకు ఒక సంగతి బోధపడింది. వాళ్లది అద్దె కొంప. యజమానికి కోపం వచ్చినా, బేరం కుదిరి అమ్ముకున్నా సామాను వీధిలో పడుతుంది. అదే ఏడాది చివర్లో లైవ్‌జర్నల్ ఒక రష్యన్ కంపెనీ చేతికి వెళ్లింది కూడా.

ఇక్కడ కాపాడవలసిన సామాను ఏమిటో చెప్పుకోవాలి. అభిమాని అనగానే మనకు కటౌట్లు, పాలాభిషేకాలు, తెల్లవారుజాము బెనిఫిట్ షోలు గుర్తొస్తాయి. ఈ అభిమానులు రాస్తారు. తమకు నచ్చిన సినిమాలోనో నవలలోనో సీరియల్‌లోనో ఉన్న పాత్రలను తీసుకుని, అసలు రచయిత చెప్పకుండా వదిలేసిన కథ చెబుతారు. దాన్ని ఫ్యాన్ ఫిక్షన్ అంటారు. పేరు కొత్తదే గానీ పని మనకు కొత్తేమీ కాదు. గురజాడ సృష్టించిన గిరీశాన్ని సినిమాల మీదికి తోలి ముళ్లపూడి వెంకటరమణ 'గిరీశం లెక్చర్లు' రాశారు. రామాయణంలోని స్త్రీ పాత్రలను మళ్లీ మాట్లాడించిన ఓల్గా 'విముక్త'కు 2015లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. తేడా ఏమిటంటే, రమణ గారికి పత్రిక ఉంది, ఓల్గా గారికి ప్రచురణకర్తలు ఉన్నారు. ఇంటర్నెట్‌లో మారుపేరుతో రాసుకునే అమ్మాయికి ఇవేవీ లేవు. ఆమె కథ సర్వర్‌లో ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు.

కాగితం రోజుల్లో పరిస్థితి ఇంత అన్యాయంగా లేదనే చెప్పాలి. 'స్టార్ ట్రెక్' సీరియల్ 1966లో అమెరికా టీవీలో మొదలైతే, ఏడాది తిరిగేసరికి న్యూయార్క్‌లో ఇద్దరు మహిళలు 'స్పాకనేలియా' అనే అభిమాన పత్రిక తెచ్చారు. ఆ సీరియల్‌లో స్పాక్ వేషం వేసిన లెనార్డ్ నిమోయ్ దానికి ఉత్తరం కూడా రాశాడు. ఇలాంటి పత్రికలను సైక్లోస్టయిల్ యంత్రం మీద తిప్పి, పిన్నులు కొట్టి, పోస్టులో పంపుకునేవారు. నాసిరకం కాగితమే అయినా వందల ఇళ్లకు చేరేది కాబట్టి ఎవరో ఒకరి అటక మీద ఒక కాపీ మిగిలేది. అయోవా యూనివర్సిటీ గ్రంథాలయం లాంటి చోట్ల ఇప్పుడు అలాంటి పత్రికలు పెట్టెలకు పెట్టెలు భద్రంగా ఉన్నాయి. 1990లలో అభిమానులు ఇంటర్నెట్‌కు మారాక ఆ అటకలు లేకుండా పోయాయి. వెయ్యి మంది చదివినా కథ ఉండేది ఒక్కచోటే.

ఆ ఒక్కచోటు చాలామందికి జియోసిటీస్. ఎవరైనా ఉచితంగా సొంత పేజీ పెట్టుకోవడానికి వీలిచ్చిన సైటు అది. ఆసక్తిని బట్టి పేటలుగా విడగొట్టి ఉండేది. సైన్స్ ఫిక్షన్ వాళ్ల పేట పేరు 'ఏరియా 51'. యాహూ 1999లో దాన్ని 350 కోట్ల డాలర్లకు పైగా విలువ కట్టి కొన్నది. పదేళ్లు తిరగ్గానే, 2009 అక్టోబరు 26న, మూసేసింది. మెరిసే అక్షరాలు, కదిలే బొమ్మలు, 'పేజీ ఇంకా తయారవుతోంది' అనే బోర్డులు నిండిన ఆ సైటును చూసి నవ్వినవాళ్లే ఎక్కువ. మామూలు జనం ఇంటర్నెట్‌లో మొదటిసారి చేయి తిప్పిన తీరు మొత్తం అందులోనే ఉందని గ్రహించినవాళ్లు కొద్దిమంది.

ఆ కొద్దిమందిలో జేసన్ స్కాట్ ఒకడు. అతను 2009లో మొదలుపెట్టిన 'ఆర్కైవ్ టీమ్' మూతపడబోయే సైట్ల మీద పడి, దొరికినంతా కాపీ చేసుకునే వలంటీర్ల ముఠా. ఇళ్లలో ఉన్న మామూలు కంప్యూటర్లన్నిటినీ ఒకే పనికి పురమాయించే సాఫ్ట్‌వేర్ వీళ్లదగ్గర ఉంది. జియోసిటీస్ నుంచి వాళ్లు తోడిపోసుకున్న దాదాపు ఒక టెరాబైటు సమాచారాన్ని 2010లో అందరికీ విడుదల చేశారు. ఒలియా లియాలినా, డ్రాగన్ ఎస్పెన్‌షీడ్ అనే ఇద్దరు కళాకారులు దాన్ని తవ్వి, ఆ పాత పేజీలు అప్పట్లో ఎలా కనిపించేవో అలాగే బొమ్మలుగా జనానికి చూపిస్తూ వచ్చారు.

అభిమాన రచయితలు ఎంచుకున్న దారి వేరు. 2007లోనే ఫ్యాన్‌లిబ్ అనే కంపెనీ పెట్టుబడిదారుల డబ్బుతో రంగంలోకి దిగింది. అభిమానులు రాస్తారు, కంపెనీ ప్రకటనలు అమ్ముకుంటుంది. తేడా వస్తే చట్టపరమైన తలనొప్పి మాత్రం రాసినవాళ్లది. రచయితల్లో అత్యధికులు ఆడవాళ్లు. తమకు ముక్కూ మొహం తెలియని మగవాళ్లు వచ్చి తమ కథలతో వ్యాపారం పెట్టడం వాళ్లకు ఒళ్లు మండించింది. నవలా రచయిత్రి నయోమీ నోవిక్ మే 17న తన జర్నల్‌లో ఒక ప్రతిపాదన పెట్టింది: ప్రకటనలు ఉండకూడదు, లాభం ఉండకూడదు, అభిమానులే నడుపుకునే కథల నిల్వ మనకే ఒకటి ఉండాలి. స్ట్రైక్‌త్రూ దెబ్బ పడింది ఆ తర్వాత రెండు వారాలకే. ఊరికే తలలూపినవాళ్లు కూడా పనిలోకి దిగారు. ఆ ఏడాదే 'ఆర్గనైజేషన్ ఫర్ ట్రాన్స్‌ఫర్మేటివ్ వర్క్స్' అనే లాభాపేక్ష లేని సంస్థ పుట్టింది. ఫ్యాన్‌లిబ్ 2008లోనే దుకాణం కట్టేసింది.

ఆ సంస్థ కట్టిన కథల నిల్వ 'ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్' 2009 నవంబరు 14న జనానికి తెరుచుకుంది. జియోసిటీస్ పోయి అప్పటికి మూడు వారాలు కూడా కాలేదు. అభిమానులు దాన్ని ముద్దుగా ఏఓత్రీ అంటారు. అసలు పేరు వెనక వర్జీనియా వూల్ఫ్ ఉంది. రాసే ఆడదానికి డబ్బూ తనదంటూ ఒక గదీ కావాలని ఆమె 1929లో వాదించింది. గదితో పాటు సర్వర్లు కూడా తమవే కావాలని వీళ్లు పట్టుబట్టారు. విరాళాలతో యంత్రాలు కొన్నారు. కంప్యూటర్ ప్రోగ్రాములు రాయడం రానివాళ్లు నేర్చుకుని మరీ రాశారు. ఈ రోజు అక్కడ కోటికి పైగా రచనలున్నాయి. ఒక్క ప్రకటన లేదు.

కోటి కథలు ఉంటే చాలదు, వెతికితే దొరకాలి. ఈ నిల్వలో అసలు గొప్పతనం బయటికి కనిపించని ఈ పనిలోనే ఉంది. రచయిత తన కథకు తనకు తోచిన గుర్తింపు మాటలు పెట్టుకోవచ్చు. ఒకరు బాహుబలి పేరును ఇంగ్లీషులో ఒక 'ఎ'తో రాస్తారు, ఇంకొకరు రెండు పెడతారు, మూడోవారు సినిమా పేరు మొత్తం రాస్తారు. వీటన్నిటినీ తెర వెనక కూర్చుని ఒక తాటికి తెచ్చేవాళ్లను ట్యాగ్ రాంగ్లర్లు అంటారు. వందల మంది వలంటీర్లు. రాసినవాళ్ల మాటను మార్చరు, చెరపరు. వెతికేవాళ్లకు మాత్రం ఏ స్పెల్లింగ్ కొట్టినా అన్నీ దొరికేలా ముడివేస్తారు. జీతం లేకుండా ఇంత విసుగు పుట్టించే పని ఇన్నేళ్లుగా సాగడం మామూలు విషయం కాదు. 'ఆర్ఆర్ఆర్' 2022లో విదేశీ ప్రేక్షకులకు చేరాక రామరాజు, భీమ్‌ల మీద ఇంగ్లీషు కథలు అక్కడ పుట్టుకొచ్చాయి. వాటినీ ఇలాగే ఎవరో సర్ది పెట్టారు.

పాత సైట్ల సంగతి చూసేందుకు సంస్థలో 'ఓపెన్ డోర్స్' అనే విభాగం ఉంది. ఒక చిన్న కథల సైటును పదేళ్లుగా సొంత డబ్బుతో నడిపిన మనిషికి ఓపికో డబ్బో అయిపోతుంది. ఆ మనిషి వీళ్లకు కబురు పెడతారు. వలంటీర్లు కథలను, రచయితల పేర్లను ఒక పట్టికకు ఎక్కిస్తారు. పాత సాఫ్ట్‌వేర్ పాడుచేసిన కొటేషన్ గుర్తులను, నెత్తిన గుర్తులుండే అక్షరాలను బాగుచేస్తారు. వీలైన చోట పాత లింకు నొక్కితే కొత్త చోటికి చేరేలా చూస్తారు. టోల్కీన్ అభిమానుల 'హెన్నెత్ అన్నూన్', హ్యారీ పాటర్ అభిమానుల 'ఫిక్షన్ ఆలీ' ఇలా తరలివచ్చినవే.

అన్నిటికన్నా సమయం తినేది ఉత్తరాల పని. ప్రతి రచయితకూ పాత ఈమెయిల్‌కు లేఖ పంపుతారు. సగం చిరునామాలు చచ్చిపోయి ఉన్నా పంపుతారు. మీ కథ తరలిస్తున్నాం, మీ ఖాతాలోకి తీసుకుంటారా, తీసేయమంటారా అని. మూడో దారి కూడా ఉంది, కథను 'అనాథ'ను చేయడం. అంటే కథ ఉంటుంది, రచయిత పేరు తొలగిపోతుంది. ఇరవై ఏళ్ల వయసులో రాసినదాన్ని నలభై ఏళ్ల టీచరమ్మ తనదని ఒప్పుకోలేకపోవచ్చు. ఇష్టపడి చదివినవాళ్లకు అది పోకుండా ఉండటానికి ఇంతకన్నా మర్యాదైన ఉపాయం లేదు. తాను పోయాక తన ఖాతా ఎవరు చూసుకోవాలో ముందే రాసి పెట్టుకునే ఏర్పాటు కూడా ఏఓత్రీలో ఉంది.

ముందు కాపీ చేసేసుకుందాం, తర్వాత చూద్దాం అనేది ఆర్కైవ్ టీమ్ పద్ధతి. అడిగి తెచ్చుకుందాం అనేది ఓపెన్ డోర్స్ పద్ధతి. రెండోది గౌరవంగా ఉంటుంది, కానీ దానికి తీరిక కావాలి. ఆ తీరిక లేకపోతే ఏమవుతుందో ఈమెయిల్ చర్చా బృందాల వేదిక యాహూ గ్రూప్స్ చూపించింది. 2019 అక్టోబరులో యాహూ యజమాని వెరైజన్, గ్రూపుల్లో ఇరవై ఏళ్లుగా పోగుపడిన ఉత్తరాలూ ఫైళ్లూ డిసెంబరు 14న చెరిపేస్తామని చెప్పింది. గడువు రెండు నెలలు. మొదటి తరం అభిమాన కథలు ఎన్నో ఉన్నది ఆ గ్రూపుల్లోనే. మన వాళ్లకూ అక్కడ చోటుండేది. విదేశాల తెలుగు సాహిత్యాభిమానులు 'రచ్చబండ'లో వాదులాడుకున్నదీ, 'ఛందస్సు' గ్రూపులో పద్యాల నడక గురించి తర్కించుకున్నదీ యాహూ గ్రూప్స్ మీదే.

చాలా గ్రూపులకు తలుపులు లోపలి నుంచి వేసి ఉన్నాయి. సభ్యులైతేనే లోపల ఏముందో కనిపిస్తుంది. ఆర్కైవ్ టీమ్‌తో కలిసిన వలంటీర్లు వేల గ్రూపుల్లో సభ్యులుగా చేరి దింపుకోవడం మొదలుపెట్టారు. గడువు దగ్గర పడుతుండగా వాళ్ల ఖాతాలు వందకు పైగా నిలిపివేతకు గురయ్యాయి. నిరసనలు వచ్చాక కంపెనీ సభ్యులకు జనవరి 31 దాకా సమయం ఇచ్చింది. కొంత దక్కింది, చాలా పోయింది. 2020 డిసెంబరు 15తో గ్రూప్స్ కథ పూర్తిగా ముగిసింది. అయితే ఒక ప్రశ్న అక్కడే తేలకుండా ఉండిపోయింది. నలుగురి మధ్య నమ్మకంతో రాసుకున్న ఉత్తరాలను ముక్కూ మొహం తెలియనివాళ్లు కాపీ చేసుకోవడం కాపాడటమా, చొరబడటమా? పోతే మళ్లీ రావు కాబట్టి ముందు కాపీ చేయాల్సిందే అన్నది స్కాట్ మనుషుల వాదన. దాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం. కానీ మారుపేరు బయటపడి ఉద్యోగం పోతుందని భయపడే మనిషికి ఆ వాదనతో ఏం ఊరట?

చరిత్ర రాయడంలోనూ ఇదే తడబాటు. 2008లో మొదలైన 'ఫ్యాన్‌లోర్' అభిమానుల విజ్ఞాన సర్వస్వం. వికీపీడియా లాగే ఎవరైనా రాయవచ్చు, కానీ తటస్థంగా ఉండాలనే నియమం లేదు. ఒక తగాదా గురించి రాస్తే రెండు పక్షాలవాళ్లూ తమ తమ కోణం పెట్టుకోవచ్చు. అలాగే ఆ మనిషి అనుమతి లేకుండా మారుపేరును అసలు పేరుతో ముడిపెట్టడానికి వీల్లేదు. చరిత్రకారులకు చిరాకు తెప్పించే నియమమే గానీ, అది లేకపోతే అక్కడ రాయడానికి సగం మంది ముందుకు రారు.

2019 ఆగస్టులో డబ్లిన్‌లో ఏఓత్రీకి హ్యూగో పురస్కారం వచ్చింది. సైన్స్ ఫిక్షన్‌లో అంతకన్నా పెద్ద గౌరవం లేదు. వేదిక మీదికి వెళ్లిన నోవిక్, ఈ పనిలో తమకూ వాటా ఉందనుకునేవాళ్లందరినీ లేచి నిలబడమంది. సభలో బోలెడంత మంది లేచారు. ఆ తర్వాత జరిగింది ఇంకా సరదా. ఆ సైటులో ఒక్క కథ పెట్టినవాళ్లు కూడా 'మేమూ హ్యూగో విజేతలమే' అని చెప్పుకోవడం మొదలుపెట్టారు. పురస్కారం ఇచ్చినవాళ్లు కంగారుపడి, పేరు మా ట్రేడ్‌మార్కు, జాగ్రత్త అని హెచ్చరించాల్సి వచ్చింది.

ఇంత చేసినా వీళ్ల చేతికి అందనిది చాలా ఉంది. ఏఓత్రీ అక్షరాలనే దాచుకుంటుంది. బొమ్మలు, వీడియోలు ఇంకెక్కడో ఉంటాయి, కథలో లింకు మాత్రమే ఉంటుంది. 2017లో ఫొటోబకెట్ అనే సైటు, తన దగ్గరి బొమ్మలు ఇతర సైట్లలో కనపడాలంటే ఏడాదికి దాదాపు 400 డాలర్లు కట్టమంది. ఇంటర్నెట్ అంతటా పాత బొమ్మల స్థానంలో ఖాళీ గళ్లు మిగిలాయి. కథ దక్కి, దానికి వేసిన బొమ్మ పోయిన సందర్భాలు కోకొల్లలు.

2025లో సమస్య తిరగబడింది. కోటీ ఇరవై లక్షలకు పైగా ఏఓత్రీ రచనలను ఎవరో గంపగుత్తగా కాపీ చేసి, కృత్రిమ మేధకు శిక్షణ ఇచ్చుకునే సమాచారంగా హగ్గింగ్ ఫేస్ సైటులో పెట్టారు. సంస్థ న్యాయ విభాగం నోటీసు ఇచ్చి దాన్ని తీయించింది. ఇలాంటివి చూసిన రచయితలు చాలామంది తమ కథలకు తాళం వేసుకున్నారు. ఖాతా ఉన్నవాళ్లకే అవి కనిపిస్తాయి. తాళం వేస్తే దొంగతో పాటు, మంచి మనసుతో కాపీ తీసి దాచిపెట్టే యంత్రానికీ ప్రవేశం ఉండదు. సైటుకు ఏదైనా జరిగితే ఆ కథలకు బయట ఇంకో ప్రతి దొరకకపోవచ్చు. తాళం వేయాలా తీయాలా అన్నది ఏ రచయితకా రచయిత తేల్చుకోవలసిందే, సంస్థ ఆ నిర్ణయాన్ని వాళ్లకే వదిలేసింది.