మూడు వందల సీట్లున్నా నిలవని ప్రభుత్వం: జపాన్‌లో పార్టీల పాలన ఎందుకు కూలింది?

1932 ఫిబ్రవరి ఎన్నికల్లో జపాన్ దిగువ సభలోని 466 స్థానాలకు గాను సెయుకాయ్ పార్టీ 300కు పైగా గెలుచుకుంది. మూడు నెలలు తిరగకముందే, మే 15న, ఆ పార్టీ నేత, ప్రధాని ఇనుకాయి త్సుయోషిని యువ నౌకాదళ అధికారుల బృందం కాల్చి చంపింది. అంతటి మెజారిటీ ఉన్నా తదుపరి ప్రధాని పదవి సెయుకాయ్‌కి దక్కలేదు. అడ్మిరల్ సైతో మకోతో ఆ బాధ్యత చేపట్టారు. రెండో ప్రపంచ యుద్ధం ముగిసేదాకా మరే పార్టీ నేతా ప్రధాని కాలేదు.

పార్టీల ఎదుగుదల

1918లో బియ్యం ధరలపై చెలరేగిన అల్లర్ల అనంతరం సెయుకాయ్ నేత హరా తకాషి ప్రధాని అయ్యారు. 1924 నుంచి 1932 వరకు సెయుకాయ్, దాని ప్రత్యర్థి పక్షం నేతలే ప్రభుత్వాలు నడిపారు. 1925 చట్టం 25 ఏళ్లు నిండిన పురుషులకు ఆస్తి, పన్నులతో నిమిత్తం లేకుండా ఓటు హక్కు కల్పించింది. ఓటర్ల సంఖ్య సుమారు 33 లక్షల నుంచి 1.24 కోట్లకు పెరిగింది.

పునాదిలోనే లోపం

ఓటు విస్తరించినా, ప్రభుత్వాన్ని నియమించే అధికారం ఓటరుకు దక్కలేదు. వృద్ధ రాజనీతిజ్ఞుడు సయోంజి సలహా మేరకు చక్రవర్తి ప్రధానిని నియమించేవారు. ఇనుకాయి సైతం 1931 డిసెంబరులో ముందు ప్రధాని అయ్యారు, ఆ తర్వాతే ఎన్నికల్లో గెలిచారు. 1889 రాజ్యాంగం ప్రకారం సేనలపై సర్వాధిపత్యం చక్రవర్తిది. కాబట్టి తాము మంత్రివర్గానికి జవాబుదారులం కామని సైనిక నాయకత్వం వాదించేది.

ప్రత్యర్థిపై ఎత్తిన ఆయుధం

1930లో ప్రధాని హమగుచి ప్రభుత్వం నౌకాదళ పరిమితులపై లండన్ ఒప్పందం కుదుర్చుకుంది. ఇది చక్రవర్తి సర్వాధిపత్య హక్కుకు భంగమంటూ ఇనుకాయి నాయకత్వంలోని సెయుకాయ్ చట్టసభలో దాడికి దిగింది. ప్రత్యర్థిని దెబ్బతీయాలన్న ఆత్రంలో, సైన్యం వాదననే ప్రతిపక్షం తలకెత్తుకుంది. ఆ నవంబరులో ఒక జాతీయవాద యువకుడు హమగుచిపై కాల్పులు జరిపాడు. ఆ గాయాలతోనే మరుసటి ఏడాది ఆయన మరణించారు. 1931 సెప్టెంబరులో అక్కడి జపాన్ సేనలు మంత్రివర్గం అనుమతి లేకుండానే మంచూరియా ఆక్రమణకు పూనుకున్నాయి.

బలమైన రెండు పార్టీలు, విస్తృతమైన ఓటు హక్కు ఉన్నంత మాత్రాన సుస్థిరత రాదని జపాన్ అనుభవం చెబుతోంది. సైన్యం పౌర ప్రభుత్వానికి లోబడి ఉండాలన్న నియమాన్ని పార్టీలన్నీ ఉమ్మడిగా కాపాడుకోవాలి. జపాన్ పార్టీలు ఆ పని చేయలేకపోయాయి. 1940 నాటికి అవన్నీ తమను తాము రద్దు చేసుకున్నాయి.