పొగగొట్టానికి లెక్క కట్టే చట్టం వచ్చింది. ఇక ఆ లెక్కను అడిగేదెవరు?

జగ్గయ్యపేట, హుజూర్‌నగర్, దాచేపల్లి, ఎర్రగుంట్ల, తాడిపత్రి. ఈ ఊళ్ల చుట్టుపక్కల ఉండేవారిని కాలుష్యం అంటే ఏమిటని అడిగితే డాబా మీద ఆరబోసిన మిరపకాయలపై పేరుకున్న దుమ్మును చూపిస్తారు. అది కంటికి కనిపించే కాలుష్యం. అదే గొట్టంలోంచి రంగూ వాసనా లేని కార్బన్ డయాక్సైడ్ కూడా బయటికి వస్తుంది. భూమిని వేడెక్కించేది అదే. ఇన్నాళ్లూ మన దేశంలో దాన్ని ఎంత వదిలినా అడిగేవారు లేరు. ఇప్పుడు చట్టం అడగడం మొదలుపెట్టింది.

2025 అక్టోబరు 8న కేంద్ర ప్రభుత్వం కొత్త నియమాలను ప్రకటించింది. సిమెంటు, అల్యూమినియం, క్లోర్-ఆల్కలీ, కాగితం అనే నాలుగు రంగాల్లోని 282 ఫ్యాక్టరీలకు ఉద్గారాల లక్ష్యాలు విధించింది. వీటిలో సిమెంటు ఫ్యాక్టరీలే 186. సిమెంటు పరిశ్రమ రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పెద్దది కాబట్టి ఇది మన ఊరి వార్త కూడా.

సిమెంటుకు, ఉక్కుకు ఉన్న చిక్కు

కరెంటు కోసం బొగ్గు కాల్చడం మానేసి సౌర విద్యుత్తుకు మారవచ్చు. సిమెంటు విషయం అంత తేలిక కాదు. సున్నపు బట్టీ చూసినవారికి ఇది తెలుసు. 100 కిలోల స్వచ్ఛమైన సున్నపురాయిని కాలిస్తే మిగిలేది 56 కిలోల సున్నం. తక్కిన 44 కిలోలు కార్బన్ డయాక్సైడ్‌గా గాలిలో కలుస్తాయి. సిమెంటు ఫ్యాక్టరీలో సున్నపురాయిని సుమారు 1,450 డిగ్రీల వేడిలో క్లింకర్‌గా మారుస్తారు. ఆ బట్టీ నుంచి వచ్చే ఉద్గారాల్లో సగానికి పైగా రాయి నుంచే వస్తాయి, బొగ్గు నుంచి కాదు. బొగ్గు పూర్తిగా మానేసినా ఆ భాగం పోదు.

ఉక్కుదీ దాదాపు ఇదే పరిస్థితి. ఇనుప ఖనిజంలో ఇనుముతో కలిసి ఉన్న ఆక్సిజన్‌ను విడదీయాలి. బ్లాస్ట్ ఫర్నేస్‌లో ఆ పని చేసేది కోక్ బొగ్గులోని కార్బన్. అక్కడ బొగ్గు వేడికే కాదు, రసాయన చర్యకూ కావాలి. మన దేశంలో ఒక టన్ను ఉక్కుకు సుమారు 2.5 టన్నుల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతోంది. ప్రపంచ సగటు కంటే ఇది ఎక్కువ.

కొత్త పద్ధతి ఎలా పనిచేస్తుంది?

2022 డిసెంబరులో పార్లమెంటు ఇంధన పొదుపు చట్టాన్ని సవరించింది. దాని ఆధారంగా 2023 జూన్‌లో కార్బన్ క్రెడిట్ల వ్యాపార పథకం వచ్చింది. బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ దీన్ని నడిపిస్తుంది. ప్రతి ఫ్యాక్టరీకీ 2023-24లో టన్ను ఉత్పత్తికి ఎంత ఉద్గారం ఉందో చూసి, 2025-26, 2026-27 సంవత్సరాలకు అంతకంటే తక్కువ లక్ష్యం పెట్టారు.

ఒక ఊహా ఉదాహరణ చూద్దాం. రెండు ఫ్యాక్టరీలు ఏడాదికి చెరో 20 లక్షల టన్నుల సిమెంటు తయారుచేస్తున్నాయి. రెండింటికీ లక్ష్యం టన్నుకు 0.65 టన్నుల ఉద్గారం. మొదటిది 0.63కు తగ్గించింది. టన్నుకు 0.02 చొప్పున దానికి 40 వేల క్రెడిట్లు వస్తాయి. ఒక క్రెడిట్ అంటే ఒక టన్ను కార్బన్ డయాక్సైడ్. రెండోది 0.67 దగ్గరే ఆగిపోయింది. అది 40 వేల క్రెడిట్లు కొనాలి. కొనకపోతే క్రెడిట్ సగటు ధరకు రెండింతలు పర్యావరణ పరిహారంగా కట్టాలి. బాగా చేసినవాడికి ఆదాయం, చేయనివాడికి ఖర్చు. ఇదీ సూత్రం.

క్లింకర్‌లో కొంత భాగానికి బదులు థర్మల్ విద్యుత్ కేంద్రాల బూడిదనో, ఉక్కు కర్మాగారాల స్లాగ్‌నో కలిపితే లక్ష్యం చేరడం సాధ్యమే. ఇవి రెండూ మన రాష్ట్రాల్లో దొరికేవే.

అయితే ఈ లెక్కలో గమనించవలసినది ఒకటుంది. లక్ష్యం టన్నుకే గాని మొత్తానికి కాదు. మొదటి ఫ్యాక్టరీ 0.63కు తగ్గించి, ఉత్పత్తిని 25 లక్షల టన్నులకు పెంచిందనుకోండి. లక్ష్యం ప్రకారం 20 లక్షల టన్నులకు 13 లక్షల టన్నుల ఉద్గారం ఉండేది. ఇప్పుడు అది 15 లక్షల 75 వేల టన్నులు. ఉద్గారం పెరిగింది, అయినా క్రెడిట్లు వస్తాయి. ఐరోపా సమాఖ్య 2005 నుంచి మొత్తానికే హద్దు పెట్టి, 2013 నుంచి ఏటా ఆ హద్దును తగ్గిస్తూ వస్తోంది. ఇంకా ఇళ్లూ వంతెనలూ కట్టుకోవలసిన దేశం మనది కాబట్టి ప్రభుత్వం టన్ను లెక్క ఎంచుకుంది. ఆ వాదనలో న్యాయం ఉంది. కాని 2070 నాటికి నికర ఉద్గారాలు సున్నా చేస్తామని 2021లో గ్లాస్గోలో మన దేశం ఇచ్చిన మాట నిలవాలంటే, ఏదో ఒక రోజు మొత్తానికీ హద్దు పెట్టక తప్పదు.

పాత అనుభవాలు

ఇలాంటి ప్రయత్నం మనకు కొత్త కాదు. 2012లో 'పాట్' పేరుతో 478 ఫ్యాక్టరీలకు ఇంధన పొదుపు లక్ష్యాలు పెట్టారు. ఇంధనం ఆదా అయింది. కాని లక్ష్యాలు సులువుగా ఉండడంతో అమ్మేవారు ఎక్కువై, కొనేవారు తక్కువయ్యారు. తొలి విడతలో దాదాపు 38 లక్షల సర్టిఫికెట్లు ఇస్తే, చేతులు మారినవి సుమారు 13 లక్షలే. ధర పడిపోయింది. ధర లేని సర్టిఫికెట్ కోసం ఏ యజమానీ కొత్త యంత్రం కొనడు.

బొగ్గు సెస్సుదీ ఇలాంటి కథే. 2010లో టన్నుకు 50 రూపాయలతో మొదలై 2016 నాటికి 400 అయింది. స్వచ్ఛ ఇంధనం కోసమని వసూలు చేసిన ఆ పన్ను, 2017లో జీఎస్టీ వచ్చాక రాష్ట్రాల నష్టపరిహారానికి మళ్లింది. 2025 సెప్టెంబరులో ఆ సెస్సే పోయి, బొగ్గుపై జీఎస్టీ 5 నుంచి 18 శాతానికి పెరిగింది. పేరు పర్యావరణానిదే, డబ్బు మాత్రం వేరే దారిన పోయింది. కొత్త పథకంలో కట్టే పరిహారం ఎక్కడికి పోతుందో అడగడానికి ఈ ఒక్క అనుభవం చాలు.

విశాఖ ముందున్న ప్రశ్న

ఇనుము-ఉక్కు కూడా ఈ పథకం కిందికి తెచ్చిన తొమ్మిది రంగాల్లో ఒకటి. ఉక్కు మంత్రిత్వ శాఖ 2024 డిసెంబరులో హరిత ఉక్కుకు నిర్వచనం ఇచ్చింది. టన్నుకు 2.2 టన్నుల కంటే తక్కువ ఉద్గారం ఉంటేనే ఆ పేరు, 1.6 కంటే తక్కువైతే అయిదు నక్షత్రాలు. 2026 జనవరి 1 నుంచి ఐరోపాకు వెళ్లే ఉక్కు, అల్యూమినియం, సిమెంటులపై సరిహద్దు కార్బన్ సుంకం అమలు దశకు వచ్చింది. ఇక్కడ కార్బన్‌కు కట్టిన ధరను అక్కడ మినహాయించుకోవచ్చు. అంటే మనం వసూలు చేయనిది వారు వసూలు చేసుకుంటారు.

'విశాఖ ఉక్కు - ఆంధ్రుల హక్కు' అంటూ పోరాడి సాధించుకున్న కర్మాగారం సామర్థ్యం ఏడాదికి 73 లక్షల టన్నులు. సొంత ఇనుప గనులు లేక, అప్పుల్లో కూరుకున్న ఆ సంస్థకు 2025 జనవరిలో కేంద్రం 11,440 కోట్ల రూపాయల ప్యాకేజీ ఆమోదించింది. అదే నెలలో అనకాపల్లి జిల్లా పూడిమడకలో హరిత హైడ్రోజన్ కేంద్రానికి ప్రధాని శంకుస్థాపన చేశారు. బొగ్గు చేసే పనిని హైడ్రోజన్ చేయగలదు. అప్పుడు గొట్టంలోంచి వచ్చేది ప్రధానంగా నీటి ఆవిరి. కాని దానికి కొత్త రకం కొలిమి కావాలి, చవకైన హైడ్రోజన్ కావాలి, పెట్టుబడి కావాలి. జీతాలకే వెతుక్కున్న సంస్థకు ఆ పెట్టుబడి ఎవరు పెడతారు? ప్రభుత్వ విధానం నిజమైనదో కాదో తేలేది ఈ ప్రశ్న దగ్గరే.

మనం అడగవలసినవి

ఒకటి, ప్రతి ఫ్యాక్టరీ ఉద్గారాల లెక్క ఆ ఊరివారికి అర్థమయ్యేలా తెలుగులో బయటపెట్టాలి. రెండు, క్రెడిట్ ధర పడిపోకుండా లక్ష్యాలు ఏటా బిగించాలి. మూడు, క్రెడిట్లు సంపాదించినంత మాత్రాన దుమ్ము తగ్గదు. దుమ్ముకు 1981 నాటి వాయు కాలుష్య చట్టం ఉంది, కాలుష్య నియంత్రణ మండలి ఉంది. క్రెడిట్ చూపించి దుమ్ము మాట దాటవేయనివ్వకూడదు. నాలుగు, కొలిమి మారితే పనీ మారుతుంది. కొత్త నియమాలు గొట్టం గురించి మాట్లాడతాయి గాని, ఆ గొట్టం కింద పనిచేసే కాంట్రాక్టు కార్మికుడి గురించి మాట్లాడవు. అతనికి కొత్త పని నేర్పే బాధ్యత ఎవరిదో ముందే రాసిపెట్టాలి.

టన్నులూ క్రెడిట్లూ మనకు సంబంధం లేని విషయాల్లా కనిపిస్తాయి. కాని ఎండలు ముదిరితే ముందుగా పడిపోయేది మేస్త్రీ దగ్గర తట్ట మోసే కూలీ. ఫ్యాక్టరీ మూతపడితే ముందుగా పని పోయేదీ అతనికే. ఈ రెండింటి నుంచీ అతన్ని కాపాడినప్పుడే దీన్ని మంచి విధానం అనగలం.