ఎవరి లెక్క వారిదే

2019 ఏప్రిల్ 11న నిజామాబాద్ లోక్‌సభ ఓటరు పోలింగ్ కేంద్రంలోకి వెళ్తే ఎదురుగా పన్నెండు బ్యాలెట్ యూనిట్లు కనిపించాయి. బరిలో 185 మంది. అందులో 178 మంది రైతులే. పసుపు బోర్డు పెట్టాలని, క్వింటాల్ పసుపుకు 15,000, ఎర్రజొన్నకు 3,500 రూపాయలు ఇవ్వాలని వారి డిమాండ్. అంతకుముందు ఫిబ్రవరిలో ఆర్మూర్ దగ్గర జాతీయ రహదారి మీద బైఠాయించినా దక్కిందేమీ లేదు. దుంప నాటింది మొదలు నెలల తరబడి సాకి, తవ్వి, ఉడకబెట్టి, ఎండబెట్టి, పాలిష్ పట్టి యార్డుకు తెచ్చిన పంటకు ధర రాకపోతే కడుపు మండదా? ఆ మంటే నామినేషన్ల వరదైంది.

ఇలాంటి పోరును అర్థం చేసుకోవడానికి పనికొచ్చే శాస్త్రం గేమ్ థియరీ. అందులో మామూలు లెక్కలన్నీ ఆట ఏమిటో అందరికీ ఒకేలా తెలుసనే నమ్మకంతో మొదలవుతాయి. నిజ జీవితంలో అలా ఉండదు. అందుకే 1977లో బ్రిటన్ పరిశోధకుడు పీటర్ బెన్నెట్ ‘హైపర్‌గేమ్’ అనే పద్ధతి ప్రతిపాదించారు. ఎదుటివాడికి ఏం కావాలో, వాడి చేతిలో ఏ ఎత్తులున్నాయో ప్రతి ఒక్కరూ తమకు తోచినట్టు ఊహించుకుంటారు. ఆ ఊహలను విడివిడిగా రాసి, పక్కపక్కన పెట్టి చూడాలంటారాయన.

1940లో ఫ్రాన్స్ పతనాన్ని బెన్నెట్, మాల్కమ్ డాండో ఈ పద్ధతిలోనే పరిశీలించారు. ఆర్డెన్ అడవుల గుండా ట్యాంకుల దండు త్వరగా రావడం సాధ్యం కాదని ఫ్రెంచి సేనానులు నమ్మారు. జర్మన్లు అటే వచ్చారు. ఫ్రెంచివారి జాబితాలో ఆ ఎత్తే లేదు.

నిజామాబాద్‌లోనూ అదే జరిగింది. పాత రకం ఈవీఎంలలో నోటాతో కలిపి 64 పేర్లకే చోటుంది. అభ్యర్థులు అంతకు మించితే బ్యాలెట్ పత్రాలే గతి అని జనం అనుకున్నారు. కానీ ఎన్నికల సంఘం దగ్గర 24 యూనిట్లను కలపగల కొత్త ఎం3 యంత్రాలున్నాయి. రైతులు ఊహించని ఎత్తు అది.

అప్పటి అధికార పార్టీ టీఆర్ఎస్ లెక్క వేరు. బోర్డు ఇవ్వాల్సింది కేంద్రం, తమ ఎంపీ కవిత ఎన్నోసార్లు అడిగారు, కాబట్టి ఈ నామినేషన్ల వెనుక ప్రతిపక్షాల హస్తం ఉందని ఆ పార్టీ నాయకులు అనుమానించారు. రైతు దృష్టిలో మాత్రం అడగడం వేరు, తేవడం వేరు. బోర్డు తెస్తానని బాండ్ పేపర్ మీద రాసిచ్చిన బీజేపీ అభ్యర్థి ధర్మపురి అరవింద్ 70,875 ఓట్ల మెజారిటీతో గెలిచారు. 2020లో కేంద్రం సుగంధ ద్రవ్యాల బోర్డు ప్రాంతీయ కార్యాలయం ఇస్తామంది. ఢిల్లీ దృష్టిలో అది హామీ నెరవేర్చడమే. రైతు దృష్టిలో మాట తప్పడం. చివరికి 2023 అక్టోబరు 1న ప్రధాని జాతీయ పసుపు బోర్డును ప్రకటించారు. 2025 జనవరిలో అది నిజామాబాద్‌లో మొదలైంది.

అదే జిల్లాలోని బోధన్ కథ మరీ బాధాకరం. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదిగా పేరుపడ్డ శక్కర్‌నగర్ నిజాం షుగర్స్‌లో మెజారిటీ వాటా 2002లో ప్రైవేటు చేతికి వెళ్లింది. 2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూతపడింది. చెరకు ఏడాది పంట. కొట్టాక రోజుల తరబడి ఉంచితే తూకమూ తీపీ రెండూ తగ్గుతాయి. ఫ్యాక్టరీ ఆడుతుందన్న నమ్మకం లేనిదే రైతు నాటడు. చెరకు వస్తుందన్న నమ్మకం లేనిదే యాజమాన్యం బాయిలర్ వెలిగించదు. ఇద్దరూ కలిసొస్తే ఇద్దరికీ లాభమే. అయినా ఎదుటివాడు వెనక్కి తగ్గుతాడన్న అనుమానం ఒక్కటి చాలు, ఇద్దరూ నష్టపోవడానికి. రైతులే సహకార సంఘంగా ఏర్పడి ఫ్యాక్టరీ నడుపుకోవాలని ప్రభుత్వం ప్రతిపాదించినప్పుడూ అడుగు ముందుకు పడలేదు. సర్కారు అవకాశం అనుకున్నది రైతుకు నెత్తిన భారంగా తోచి ఉండవచ్చు.

పునరుద్ధరణ కోసం 2024లో రాష్ట్ర ప్రభుత్వం మంత్రి శ్రీధర్‌బాబు అధ్యక్షతన కమిటీ వేసింది. యంత్రాల మరమ్మతు ఎంత ముఖ్యమో ఈ అనుమానం తీరడమూ అంతే ముఖ్యం. క్రషింగ్ మొదలయ్యే తేదీ, టన్ను ధర, డబ్బు చెల్లించే గడువు నాట్లకు ముందే రాతపూర్వకంగా రైతు చేతికి రావాలి. ఏ ఊళ్లో ఎన్ని ఎకరాల చెరకు పడుతుందో యాజమాన్యానికీ అప్పుడే తెలియాలి.