ఆకు రాలినట్లు: పెద్దప్రేగు క్యాన్సరు, మొక్కల మందులు – అపోహలు, వాస్తవములు

జ్వరము వచ్చిన మిరియాల కషాయమును, గాయమైన పసుపును మొదట తలచుకొను మన జనులు, క్యాన్సరు వంటి దారుణవ్యాధి వాకిట నిలిచినప్పుడును మూలికలయందే శరణు వెదకుట వింత గాదు. అది తరతరముల అనుభవమునుండి పుట్టిన విశ్వాసము. దానిని పరిహసించుట నా యుద్దేశము గాదు. ఏలయన, నేడు పెద్దప్రేగు, మలాశయ క్యాన్సర్లకు వైద్యులు వాడు ప్రధానౌషధములలో నొకటి నిజముగానే యొక వృక్షమునుండి పుట్టినది. ఐనను, 2022వ సంవత్సరమున ప్రపంచములో 19 లక్షలమందికి పైగా జనులయందు క్రొత్తగా కనిపించి, 9 లక్షలమందికి పైగా ప్రాణములు గొన్న ఈ వ్యాధి విషయమున, సగము తెలిసిన మాటను నమ్మి చికిత్సకు ఆలస్యము చేయువారికి కలుగు నష్టము తీర్చరానిది. కావున ప్రచారమందున్న అపోహలను కొన్నిటిని, వానికెదురుగా వాస్తవములను ఇట నిలుపుచున్నాను.

అపోహ: మొక్కలలోని మందు క్యాన్సరు కణమును నిప్పువలె కాల్చి చంపును.

వాస్తవము: కణమునకు మృత్యువు ఒకే విధమున రాదు. కాలియో నలిగియో చచ్చిన కణము ఉబ్బి పగిలి, లోపలి ద్రవ్యమును చుట్టును చిమ్మి, వాపును పుట్టించును. కాలము తీరిన కణమో, తనంతట ముడుచుకొని, చిన్నచిన్న తునుకలై, పొరుగు కణములచే భుక్తమై, చప్పుడు లేక తొలగిపోవును. ఈ రెండవ మరణమునకు 1972లో కెర్, వైలీ, కర్రీ అను శాస్త్రజ్ఞులు ‘ఎపొప్టోసిస్’ అని నామకరణము చేసిరి. చెట్టునుండి ఆకులు రాలుటను దెలుపు గ్రీకు పదమది. పెద్దప్రేగు లోపొర కొన్ని దినములకే నూతనమగుచుండును గనుక అచ్చట ఈ ఆకు రాలుట నిత్యకృత్యము. ఏపీసీ అను జన్యువు చెడినప్పుడు కణవృద్ధికి పగ్గము తెగును. అటుపై పీ53 అను జన్యువు చెడినచో, చెడిన కణమును చావుమని శాసించు కావలివాడు లేకుండును. రాలవలసినది రాలక, బుడిపెయై, అనేక సంవత్సరములకు, తరచు పదేండ్లకు, క్యాన్సరుగా పరిణమించును. మొక్కలలోని కొన్ని రసాయనములు, కణములోని మైటోకాండ్రియాలనుండి సైటోక్రోమ్-సి అను ప్రోటీను వెలువడునట్లు చేసి, క్యాస్పేజులు అను ఎంజైములను మేల్కొల్పును. అవి కణమును లోపలినుండియే ముక్కలు చేయును. అనగా, కణము మరచిన శాసనమును దానికి మరల జ్ఞాపకము చేయుటయే ఇందలి రహస్యము.

అపోహ: గాజుపాత్రలో క్యాన్సరు కణమును చంపినది రోగి దేహమునందును చంపును, కావున పసుపు తిన్న చాలును.

వాస్తవము: పసుపులోని కుర్కుమిన్ ప్రయోగశాలలో పెద్దప్రేగు క్యాన్సరు కణములను ఎపొప్టోసిస్ అను ఆ నియమితమరణమునకు ప్రేరేపించుట సత్యమే. కాని పసుపులో కుర్కుమిన్ నూటికి సుమారు మూడు పాళ్లు మాత్రమే. అదియును ప్రేగులోను, కాలేయములోను త్వరగా మార్పు చెందుటచే, గ్రాములకొలది మ్రింగినను రక్తమున చేరునది అత్యల్పము. గాజుపాత్రలో కణము మందులోనే మునిగి యుండును. దేహమున మందు కణమును వెదకికొని పోవలెను. వంశానుగతముగా ప్రేగునిండ బుడిపెలు పుట్టు వ్యాధి గల ఐదుగురికి కుర్కుమిన్‌ను మరియొక మొక్క పదార్థముతో కలిపి యిచ్చినప్పుడు బుడిపెలు తగ్గినవని 2006లో వార్త వెలువడి యెందరికో ఆశ గొలిపెను. తరువాత అదే వ్యాధి గల 44 మంది రోగులను రెండు భాగములు చేసి, ఒక భాగమునకు దినమునకు 3 గ్రాముల కుర్కుమిన్‌ను, రెండవదానికి ఉత్త మాత్రను, ఏడాదిపాటు ఇచ్చి చూచిరి. 2018లో ప్రకటితమైన ఫలితమున ఉభయులకును భేదము కనబడలేదు. వంటలో పసుపును మానవలసిన పనిలేదు. దానిని క్యాన్సరు మందని భ్రమింపరాదు.

అపోహ: మందు చెట్టునుండి వచ్చినది గావున, చెట్టు బెరడును కాచి త్రాగిన అదే ఫలము కలుగును.

వాస్తవము: ఈ అపోహకు సమాధానము ఒక వృక్షము చరిత్రయే. చీనా దేశస్థులు ఆనందవృక్షమని పిలుచు చెట్టునుండి, అమెరికాలోని ఉత్తర కరోలినాలో మన్రో వాల్ అను శాస్త్రజ్ఞుడును, మన మహారాష్ట్రమున జన్మించిన మన్సుఖ్ వానియును, 1966లో కాంప్టోథెసిన్ అను పదార్థమును వేరుచేసిరి. 1972లో గోవిందాచారి, విశ్వనాథన్ గారలు ఇదే పదార్థమును మన పశ్చిమ కనుమలలోని యొక చెట్టునందును కనుగొనిరి. ఆ దశాబ్దారంభమున దీనిని నీట కరుగు లవణముగా మార్చి రోగులకు ఇచ్చినప్పుడు, ఎముక మజ్జ క్షీణించి, మూత్రకోశమునుండి రక్తము స్రవించి, ప్రయోగములు నిలిచిపోయెను. అది ఏ విధమున పనిచేయునో 1985లోగాని తెలియలేదు. బావి పగ్గము మెలిపడినప్పుడు ఒక పోగును తెంచి, మెలి విడదీసి, మరల ముడివేసినట్లు, కణములోని డీఎన్ఏ మెలికలను టోపోఐసోమెరేజ్-1 అను ఎంజైము విప్పుచుండును. కాంప్టోథెసిన్ ఆ ముడి పడనీయక అడ్డుపడును. అటుపై డీఎన్ఏ ప్రతులు తీయబోయిన కణము తెగిన పగ్గముతో చిక్కుకొని మరణమును వరించును. ఇది తెలిసిన పిమ్మట, జపాను శాస్త్రజ్ఞులు మూలపదార్థమును సవరించి తయారుచేసిన ఇరినోటికాన్, 1994లో ఆ దేశమునను, 1996లో పెద్దప్రేగు క్యాన్సరునకై అమెరికాలోను అనుమతి పొందెను. చెట్టునుండి చికిత్సకు ముప్పది సంవత్సరములు! నేడు దీనిని ఫ్లోరోయురాసిల్‌తోను, ఫోలినిక్ ఆమ్లముతోను జతగా ఇత్తురు. ఈ చివరిదానికి మూలమైన ఫోలిక్ ఆమ్లమును 1945లో లెడర్లీ ప్రయోగశాలలో కృత్రిమముగా నిర్మించిన బృందమునకు నాయకుడు మన భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. ఇరినోటికాన్‌ను కొందరి దేహము సులభముగా విరిచివేయజాలదు. అట్టివారికి విరేచనములును, తెల్లకణముల క్షీణతయు ప్రాణాంతకములు కాగలవు గావున వైద్యులు మోతాదును తూచి యిత్తురు. కషాయమునకు అట్టి త్రాసు లేదు.

అపోహ: ఒక క్యాన్సరును తగ్గించిన మొక్క అన్ని క్యాన్సర్లను తగ్గించును.

వాస్తవము: మన పెరటి బిళ్ళగన్నేరునుండి లభించిన విన్‌క్రిస్టిన్ పిల్లల రక్తక్యాన్సరునకు ప్రధానౌషధము, పెద్దప్రేగు క్యాన్సరు చికిత్సలో దానికి స్థానము లేదు. వాల్, వాని గారలే మరియొక చెట్టునుండి కనుగొన్న టాక్సాల్ స్తన, అండాశయ క్యాన్సర్లలో ఎందరినో రక్షించినను, పెద్దప్రేగు క్యాన్సరు దానికి లొంగలేదు.

అపోహ: ప్రకృతిసిద్ధమైనది హాని చేయదు, వైద్యుని మందుతోపాటు వాడవచ్చును.

వాస్తవము: చలిదేశముల ఆప్రికాట్ గింజలనుండి తీసిన లేట్రైల్‌ను 178 మంది క్యాన్సరు రోగులపై పరీక్షింపగా, 1982లో వెలువడిన ఫలితము స్పష్టము: వ్యాధి తగ్గలేదు, కొందరి రక్తమున సైనైడు మాత్రము ప్రమాదస్థాయికి చేరెను. ఐరోపావారు మనోవ్యాకులతకు వాడు సెయింట్ జాన్స్ వర్ట్ అను మూలికను ఇరినోటికాన్‌తో కలిపి తీసికొన్నవారిలో, ఆ మందు క్రియాశీలరూపము రక్తమున నూటికి 42 పాళ్లు తగ్గెను. అనగా రోగి మందు పుచ్చుకొనుచున్నను, కొంతవరకు పుచ్చుకొననట్లే యగుచున్నది. మిరియాలలోని పైపెరిన్ చేర్చిన పసుపు మాత్రలు తిన్నవారిలో కొందరికి కాలేయము దెబ్బతినుట గూడ వైద్యులు చూచిరి. నేడు విరివిగా అమ్ముడుపోవుచున్న లక్ష్మణఫలము క్యాన్సరును నయము చేయునని మనుష్యులయందు రుజువు కాలేదు.

అపోహ: ఐనచో మొక్కల వలన మనకు ప్రయోజనమే లేదు.

వాస్తవము: ఇది వ్యతిరేకదిశలోని భ్రమ. రాగులు, జొన్నలు, పప్పులు, కూరగాయలలోని పీచు మనకు జీర్ణముగాక పెద్దప్రేగు చేరగా, అచ్చటి సూక్ష్మజీవులు దానిని పులియబెట్టి బ్యూటిరేటు అను ఆమ్లమును పుట్టించును. ఆరోగ్యకణములకు అది ఆహారము. చక్కెరనే ప్రధానముగా దహించు క్యాన్సరు కణములలో అది నిలువ చేరి వానిని నియమితమరణమునకు త్రిప్పునని ప్రయోగములు చూపుచున్నవి. ముడిధాన్యములు నిత్యము భుజించువారిలో ఈ వ్యాధి తక్కువయని విస్తృతపరిశీలనలు తెల్పుచున్నవి. అది రక్షణ, చికిత్స గాదు.

పాఠకులకు నా విన్నపమొక్కటే. మలమున రక్తము కనిపించినను, విసర్జన అలవాటు వారములకొలది మారినను, కారణము లేక రక్తహీనత కలిగినను, మొలలని సరిపెట్టుకొనక వైద్యుని దర్శింపుడు. తల్లిదండ్రులకుగాని తోబుట్టువులకుగాని ఈ వ్యాధి వచ్చియున్నచో, లక్షణములు లేకున్నను పరీక్ష చేయించుకొనుడు. బుడిపెను, ప్రేగు లోపల చూచు కొలనోస్కోపీ పరీక్షలో తీసివేసిన అది క్యాన్సరు కానేరదు. మూలిక యేదైన వాడదలచినను, వాడుచున్నను, ఆ మాటను మీ వైద్యునికి దాచకుడు.