బిడ్డ పాలు తాగలేకపోతే తప్పు తల్లిది కాదు
గుండె లోపమున్న శిశువులకూ తల్లిపాలే శ్రేయస్కరం
లక్షణాలను గుర్తిస్తే సకాలంలో చికిత్స

చిత్తూరు: నాలుగు గుక్కలు తాగగానే బిడ్డ అలసిపోతుంది. నుదుట చెమట పడుతుంది. రొమ్ము వదిలి నిద్రలోకి జారుకుంటుంది. అరగంట గడవకముందే మళ్లీ ఆకలితో ఏడుస్తుంది. ఇది చూసి 'తల్లికి పాలు చాలడం లేదు' అని ఇంట్లోని పెద్దలు తీర్మానిస్తారు. పాలసీసా తెప్పిస్తారు. అయితే ఇటువంటి బిడ్డల్లో కొందరికి అసలు లోపం తల్లిపాలలో కాదు, గుండెలో ఉంటుంది. నింద తల్లిపై పడిన కొద్దీ చికిత్స ఆలస్యమవుతుంది.

పుట్టిన ప్రతి వెయ్యి మంది శిశువుల్లో సుమారు 8 నుంచి 10 మందికి పుట్టుకతోనే ఏదో ఒక గుండె లోపం ఉంటుంది. వీరిలో అందరికీ శస్త్రచికిత్స అవసరం కాదు. అవసరమైన వారికి మాత్రం ఆ సమయానికి తగిన బరువు, బలం ఉండటం ముఖ్యం.

గుండెకు, పాలకు సంబంధమేమిటి?

పసికందుకు పాలు తాగడమే పెద్ద శ్రమ. పీల్చడం, మింగడం, ఊపిరి తీయడం ఒక క్రమంలో సాగాలి. గుండె కింది గదుల మధ్య గోడకు పెద్ద రంధ్రం ఉంటే రక్తం అవసరానికి మించి ఊపిరితిత్తులకు చేరుతుంది. బిడ్డ వేగంగా ఊపిరి తీయవలసి రావడంతో ఈ క్రమం తప్పుతుంది. తాగిన కొద్దిపాటి పాల శక్తి కూడా ఊపిరికే ఖర్చవడంతో బరువు పెరగదు.

పుట్టిన తొలి రోజుల్లో ఊపిరితిత్తుల రక్తనాళాల్లో పీడనం ఎక్కువగా ఉంటుంది కనుక ఈ లోపం బయటపడకపోవచ్చు. ఆ పీడనం తగ్గిన తర్వాత, సాధారణంగా నెల, నెలన్నర వయసుకు లక్షణాలు కనిపిస్తాయి. మొదట్లో చక్కగా తాగిన బిడ్డ అప్పుడు తాగలేకపోవడంతో తల్లికి పాలు తగ్గాయని పొరబడుతుంటారు.

సీసా పరిష్కారం కాదు

సీసా పాలు తేలికనేది అపోహ. సీసా నుంచి పాలు ధారగా రావడంతో ఊపిరి తీసుకునే వ్యవధి బిడ్డకు దొరకదు. రొమ్ము వద్ద ఆ వేగం బిడ్డ చేతిలోనే ఉంటుంది. అంటువ్యాధుల నుంచి తల్లిపాలు ఇచ్చే రక్షణ ఈ బిడ్డలకు మరింత అవసరం. న్యుమోనియా సోకితే శస్త్రచికిత్స వాయిదా పడే అవకాశముంది.

తల్లులు పాటించవలసినవి

* బిడ్డ తల, ఛాతీ ఎత్తుగా ఉండేలా పట్టుకుని పాలివ్వాలి.
* ఆకలితో ఏడ్చే వరకు ఆగకుండా, రెండు గంటలకోసారి కొద్దికొద్దిగా పట్టాలి. మధ్యలో అలసిపోతే విరామమివ్వాలి.
* రొమ్ము పట్టలేనప్పుడు పాలు పిండి, శుభ్రమైన ఉగ్గుగిన్నెతో తాగించాలి. అదీ సాధ్యం కాకుంటే వైద్యులు ముక్కు ద్వారా గొట్టం అమర్చి తల్లిపాలే పోస్తారు.
* బిడ్డ ఆసుపత్రిలో ఉన్నప్పుడు రాత్రితో కలిపి రోజుకు ఎనిమిదిసార్లు పాలు పిండుతుంటే ఉత్పత్తి తగ్గదు.
* శక్తి చాలడం లేదని వైద్యులు భావిస్తే అదనపు పోషకాలు సూచిస్తారు. సొంత నిర్ణయంతో ఆవుపాలు, తేనె, నీళ్లు పట్టరాదు.

తల్లికి వేళకు భోజనం, కంటి నిండా నిద్ర ఉండేలా కుటుంబం చూడాలి. ఇంటిపని భర్త, అత్తమామలు పంచుకోవాలి. 'నీ పాలు మంచివి కావు' వంటి మాటలు ఆమెను కుంగదీస్తాయి. ఆందోళన ఎక్కువైతే పాలు జారడం కూడా మందగిస్తుంది.

ఎవరిని సంప్రదించాలి?

ఆశా కార్యకర్తలు ప్రసవానంతరం 42 రోజుల వరకు ఇంటికి వచ్చి శిశువును పరిశీలిస్తారు. బిడ్డ పాలు తాగే తీరును వారికి దాచకుండా చెప్పాలి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పుట్టుకతో వచ్చే గుండె లోపాలకూ పరీక్షలు చేస్తారు. తిరుపతిలో 2021లో తితిదే ప్రారంభించిన శ్రీ పద్మావతి చిన్నపిల్లల హృదయాలయంలో గుండె శస్త్రచికిత్సలు జరుగుతున్నాయి. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై, రాష్ట్రంలో ప్రస్తుతం డాక్టర్ ఎన్టీఆర్ వైద్యసేవ పేరుతో అమలవుతున్న పథకం పేద కుటుంబాలకు ఆసరా.

పెదవులు, నాలుక నీలంగా మారినా, నిమిషానికి 60 సార్లకు మించి ఊపిరి తీస్తున్నా, బిడ్డ పాలు పూర్తిగా మానేసినా క్షణం ఆలస్యం చేయక 108కు ఫోన్ చేయాలి. తాగే ప్రతిసారీ చెమట పడుతున్నా, అరగంటకు మించి సమయం పడుతున్నా, బరువు పెరగకున్నా పిల్లల వైద్యునికి చూపించాలి. పాలసీసా కొనేముందు చేయవలసిన పని ఇదే.